కైమోసిన్: ఒక్క బంధాన్నే తెంచే పాల ఎంజైము

కైమోసిన్ పాలు తాగే దూడ నాలుగో పొట్టలో ఊరే ఎంజైము. పాలలోని ఒకానొక ప్రొటీనును ఒక్కచోట తెంచి పాలను గడ్డకట్టించడం దాని పని. వేల ఏళ్లుగా చీజ్ తయారీకి ఆధారమైన రెన్నెట్ అనే సారంలో అసలు సరుకు ఇదే. దీనిమీద జరిగిన పరిశోధనను సాధారణంగా కొరత కథగా చెబుతారు. దూడలు చాలక బూజులను వెతికారని, బూజులు నచ్చక దూడ జన్యువును సూక్ష్మజీవుల్లోకి ఎక్కించారని ఆ కథ సారాంశం. అందులో అబద్ధం లేదు కాని అది సగమే. కొరత శాస్త్రవేత్తలను వెతుకులాటకు పంపింది నిజమే. వెతికి తెచ్చిన వాటిలో ఏది నిలవాలో, ఏది పోవాలో తేల్చింది మాత్రం ఎంజైము చూపే నిగ్రహం. పాలను గడ్డకట్టించగల ఎంజైములు చెట్లలో, బూజుల్లో, జంతువుల కడుపుల్లో లెక్కలేనన్ని ఉన్నాయి. గడ్డకట్టించి అక్కడితో ఆగేవి చాలా అరుదు. ఈ రంగంలో జీవితాలు గడిపిన శాస్త్రవేత్తలు ఒక తరం తరువాత ఒక తరం ఆ అరుదైన గుణాన్నే కొలిచారు, వివరించారు, మెరుగుపరిచారు.

తెలుగువారి వంటింట్లో పాలు గట్టిపడే దారులు మూడున్నాయి. తోడు పెడితే బాక్టీరియా పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మార్చి పెరుగు చేస్తుంది. మరుగుతున్న పాలలో నిమ్మరసం పిండితే పాలు విరిగి పన్నీరు వస్తుంది. ఈనిన ఆవు, గేదె మొదటి రోజుల్లో ఇచ్చే పాలను ఆవిరిమీద ఉడికిస్తే, వాటిలో సమృద్ధిగా ఉండే ప్రొటీన్లు వేడికి బిగుసుకుని జున్ను అవుతుంది. వీటిలో ఏదీ రెన్నెట్ పని కాదు. రెన్నెట్ పాలను పులియబెట్టదు, ఉడికించదు. గోరువెచ్చగా, సుమారు 30 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పాలు తియ్యగా ఉండగానే అరగంటా ముప్పావుగంటలో కత్తితో ముక్కలు కోయగల గడ్డను తయారుచేస్తుంది. ఆ గడ్డలో సున్నం, అంటే కాల్షియం, చాలావరకు అలాగే ఉంటుంది. అందుకే దాన్ని పిండి, ఉప్పు చేర్చి నెలల తరబడి మాగబెట్టవచ్చు. చెడ్డర్ వంటి చీజ్ కిలో తయారవడానికి ఆవుపాలు దాదాపు 10 లీటర్లు కావాలి. ఇంత పాలమీద పనిచేసే ఎంజైము ఒక్క ప్రొటీనును అనవసరంగా కోసినా ఆ నష్టం గడ్డ నుంచి వేరుపడే తేటలోకి కారిపోతుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన లెక్క.

పందొమ్మిదో శతాబ్దం మధ్యకాలం దాకా రెన్నెట్ కూడా పాలను పుల్లబరచడం ద్వారానే గడ్డకట్టిస్తుందని పెద్ద రసాయన శాస్త్రవేత్తలే నమ్మారు. స్వీడన్‌లోని ఉప్సాలాలో ఒలోఫ్ హమ్మర్‌స్టెన్ 1870లలో ఆ నమ్మకాన్ని ప్రయోగంతో కూలదోశాడు. పాలలోని ముఖ్య ప్రొటీనైన కేసీన్‌ను చక్కెర లేకుండా శుద్ధిచేస్తే, ఆ ద్రావణాన్ని కూడా రెన్నెట్ గడ్డకట్టించింది. చక్కెర లేనిచోట లాక్టిక్ ఆమ్లం పుట్టే దారే లేదు. పని రెండు దశల్లో జరుగుతుందని, మొదట ఎంజైము కేసీన్‌ను మారుస్తుందని, తరువాత కాల్షియం ఉంటేనే గడ్డ కడుతుందని ఆయన చూపాడు. అదే దశాబ్దంలో, 1874లో, డెన్మార్క్ ఔషధ శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ హాన్సెన్ కోపెన్‌హేగన్‌లో దూడ పొట్టల నుంచి రెన్నెట్ తీసి, బలం ముందుగా కొలిచి అమ్మే సంస్థను స్థాపించాడు. అంతవరకు ప్రతి రైతూ తన ఇంట్లో ఎండబెట్టిన పొట్టముక్కను నానబెట్టి, ఈసారి ఎంత పదును వస్తుందో తెలియకుండా పాలలో పోసేవాడు. హాన్సెన్ సీసాతో ఆ అనిశ్చితి పోయింది. ఎంజైమును కొలతతో అమ్మే వ్యాపారం ప్రపంచంలో మొదలైంది ఇక్కడే అనవచ్చు. ఆ సంస్థ 2024లో నోవోజైమ్స్‌తో కలిసి నోవోనెసిస్‌గా మారింది.

దూడకు బదులు మరొకటి వెతకాలన్న ఆలోచన కూడా ఆ కాలానిదే, దాని మూలం కొంత మన దేశంలో ఉంది. జంతువు కడుపులోంచి తీసిన సారంతో చేసిన చీజ్‌ను భారతీయులు ముట్టరన్న కారణంగా కేంబ్రిడ్జి శరీరధర్మ శాస్త్రవేత్త షెరిడన్ లీ 1880లలో విథానియా కోయాగులన్స్ గింజలను పరీక్షించాడు. మన పెన్నేరుగడ్డకు, అంటే అశ్వగంధకు, దగ్గరి చుట్టమైన ఈ పొద సింధు, పంజాబు, అఫ్గనిస్తాన్ ప్రాంతాల్లో పెరుగుతుంది. దాని కాయలతో అక్కడివారు పాలను గడ్డకట్టించేవారు. గింజల సారం పాలను గట్టిగానే గడ్డకట్టించింది. అయినా ఆ దారి పరిశ్రమగా విస్తరించలేదు. మొక్కల ఎంజైములు చాలావాటికి ఒక సామాన్య దోషం ఉంది: పాలు గడ్డకట్టిన తరువాత కూడా అవి ప్రొటీనును కోస్తూ పోతాయి, చీజ్ మాగేకొద్దీ చేదెక్కుతుంది. అంజూరపు పాలు, బొప్పాయి పాలు చేసే పనీ ఇదే. కొరతే ఈ చరిత్రను నడిపి ఉంటే మొక్కలు ఎప్పుడో గెలిచి ఉండాలి. అవి చవక, సులభం, మతపరమైన అభ్యంతరం లేనివి.

ఎంజైము తెంచేది ఏమిటో తెలియడానికి మరో డెబ్బై ఎనభై ఏళ్లు పట్టింది. అమెరికాలో డేవిడ్ వా, వాన్ హిప్పెల్ 1956లో కప్పా కేసీన్‌ను వేరుచేసి, పాలలోని కేసీన్ కణాలను చెదరకుండా నిలిపేది అదేనని చూపారు. ఈ కణాలు మీటరులో కోటోవంతు పరిమాణంలో ఉంటాయి. కప్పా కేసీన్ వాటి పైపొరమీద ఉండి, ఋణావేశం గల తోకలను నీటిలోకి చాస్తుంది. వరికంకి మీద నూగులా నిలిచిన ఆ తోకలవల్ల కణాలు ఒకదాన్నొకటి అంటుకోలేవు. 1965లో ఫ్రాన్స్‌లో జోలెస్ బృందం రెన్నెట్ ఆ తోకను ఎక్కడ కోస్తుందో గుర్తించింది: ఫినైల్ అలనిన్, మెథియోనిన్ అనే రెండు అమైనో ఆమ్లాల నడుమ. కప్పా కేసీన్‌లోని 169 అమైనో ఆమ్లాలలో అవి 105వది, 106వది. ఆ ఒక్క బంధం తెగితే 106 నుంచి 169 దాకా ఉన్న తోక ఊడి తేటలో కలుస్తుంది, మిగిలినది కణం మీదే ఉండిపోతుంది. తోకల్లో నూటికి ఎనభైకి పైగా ఊడిన తరువాత కణాలు కాల్షియం సాయంతో ఒకదానికొకటి పట్టుకుంటాయి. హమ్మర్‌స్టెన్ చెప్పిన రెండు దశలకు ఇదీ అణుస్థాయి వివరణ. పాలను గడ్డకట్టించడానికి కోయవలసింది ఈ ఒక్క బంధమే గనక, అంతకు మించి కోసిన ప్రతిదీ చీజ్ తయారీదారుకు నష్టం, లేదా కనీసం ఒక అపాయం.

ఈ ఒక్క ఎంజైము మీదే పరిశోధనా జీవితాన్ని నిలిపినవారిలో ముందు చెప్పవలసిన పేరు కోపెన్‌హేగన్‌కు చెందిన బెంట్ ఫోల్ట్‌మన్. బ్రిటన్‌లో బెరిడ్జ్ 1940లలోనే ఎంజైమును స్ఫటికాలుగా తీశాడు. ఫోల్ట్‌మన్ 1950ల చివర మొదలుపెట్టి, అది పొట్టగోడలో ఏ రూపంలో పుడుతుందో, ఆమ్లం తగిలాక ఎలా మేల్కొంటుందో పట్టుకున్నాడు. నిద్రాణ రూపమైన ప్రోకైమోసిన్‌లో 365 అమైనో ఆమ్లాలున్నాయి. ముందున్న 42 ఊడిపోతే 323 ఉన్న కైమోసిన్ మిగులుతుంది. ప్రోకైమోసిన్ పూర్తి వరుసను ఆయన బృందం 1977లో ప్రకటించింది. జన్యువులను చదివే యంత్రాలు లేని కాలంలో ప్రొటీనును ముక్కలు చేసి, ఒక్కొక్క అమైనో ఆమ్లాన్నీ రసాయనికంగా ఊడదీసి గుర్తించిన పని అది. కైమోసిన్‌కు ఎ, బి అని రెండు రకాలున్నాయని, వాటి మధ్య తేడా ఒకే స్థానంలో ఉందని (ఒకదానిలో ఆస్పార్టిక్ ఆమ్లం, మరొకదానిలో గ్లైసిన్) తేలింది కూడా ఈ కృషిలోనే. ఆ వరుసను, కడుపులో ప్రొటీన్లను జీర్ణంచేసే ఎంజైమైన పెప్సిన్ వరుస పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకే పూర్వికుడి సంతానమని స్పష్టమైంది. ఒకే పోలిక, ఒకే పనిముట్టు. పెప్సిన్ మాత్రం తగిలిన ప్రతి ప్రొటీనునూ తుంచుతుంది, కైమోసిన్ ఒక్కదాన్నే వెతుక్కుంటుంది.

ఎందుకలా అన్న ప్రశ్నకు ఫోల్ట్‌మన్ ఇచ్చిన జవాబు ఈ రంగంలో నాకు అన్నిటికన్న లోతైనదిగా కనిపిస్తుంది. దూడ, పందిపిల్ల వంటివి పుట్టకముందు తల్లి నుంచి రోగనిరోధక ప్రతిదేహాలను మావి ద్వారా పొందవు. అవి పుట్టిన తరువాత జున్నుపాల ద్వారానే అందాలి, పేగు గోడ దాటి రక్తంలో చేరాలి. ఆ దశలో కడుపులో పెప్సిన్ వంటి బలమైన ఎంజైము ఉంటే ప్రతిదేహాలు అక్కడే ముక్కలవుతాయి. అందుకే ఆ పసికందుల కడుపులో పాలను గడ్డకట్టించి నిదానంగా కిందికి పంపుతూ, ప్రతిదేహాల జోలికి పోని ఎంజైము ఉంటుంది. మేత మేయడం మొదలయ్యాక కైమోసిన్ తగ్గి పెప్సిన్ పెరుగుతుంది. మనిషి బిడ్డ ప్రతిదేహాలను గర్భంలోనే పొందుతుంది. మనిషిలో కైమోసిన్ జన్యువు చెడిపోయి పనిచేయని స్థితిలో ఉందని తరువాతి జన్యు పరిశోధన తేల్చింది. తెలుగు ఇళ్లలో జున్ను గట్టిపడటానికి కారణమైన ప్రొటీన్లలో ముఖ్యమైనవి ఈ ప్రతిదేహాలే. కైమోసిన్ నిగ్రహం చీజ్ కోసం పుట్టినది కాదు, జున్నుపాలను కాపాడటానికి పుట్టింది. చీజ్ తయారీదారు దాన్ని అరువు తెచ్చుకున్నాడు.

1960ల నాటికి చీజ్ ఉత్పత్తి పెరిగి, పాలు తాగే దశలో కోతకు వచ్చే దూడలు తగ్గి, రెన్నెట్ ధర ఎక్కింది. ఈ ఒత్తిడిలోంచి వచ్చిన పరిశోధకుల్లో టోక్యో విశ్వవిద్యాలయపు కెయి అరిమా ముఖ్యుడు. సోయా, మిసో, సాకె వంటి బూజు పులియింపుల సంప్రదాయం ఉన్న దేశంలో వ్యవసాయ రసాయన శాస్త్రం నేర్చినవాడు గనక ఆయన మట్టిలోని బూజుల వైపు తిరిగాడు. ఆయన బృందం సుమారు 800 సూక్ష్మజీవుల రకాలను జల్లెడ పట్టి మ్యూకార్ పుసిల్లస్ అనే బూజును ఎంచుకుని, 1967లో ఆ ఫలితాలను ప్రచురించింది. మెయిటో సంగ్యో అనే జపాన్ సంస్థ ఆ ఎంజైమును మార్కెట్లోకి తెచ్చింది. ఈ జల్లెడలో కొలత ఏమిటన్నదే గమనించవలసిన విషయం. పాలను ఎంత త్వరగా గడ్డకట్టిస్తుందన్నది ఒక్కటే చూస్తే చాలా బూజులు నెగ్గేవి. గడ్డకట్టించే శక్తికి, ప్రొటీనును విచక్షణ లేకుండా కోసే శక్తికి మధ్య నిష్పత్తిని అరిమా కొలిచాడు. ఆ నిష్పత్తి ఎక్కువగా ఉన్న బూజే ఎంపికైంది. కొరత పుట్టించిన అన్వేషణలో కూడా తీర్పు చెప్పింది నిగ్రహమే.

అయితే మ్యూకార్ ఎంజైము కైమోసిన్ అంత నిగ్రహం గలది కాదు, పైగా వేడికి లొంగదు. తేటను పాశ్చరీకరించినా కొంత బతికే ఉండి, ఆ తేటపొడిని కలిపిన ఇతర ఆహారాలను కూడా కోయసాగింది. దానిలోని మెథియోనిన్‌ను ఆక్సీకరించి వేడికి చచ్చేలా చేసే పద్ధతిని ఆ తరువాత కనుగొన్నారు. ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. ఇంత లోపమున్నా బూజు రెన్నెట్ దశాబ్దాలపాటు ప్రపంచమంతా అమ్ముడైంది, నేటికీ అమ్ముడవుతోంది. మరి ధరే కదా అసలు కారణం? ధర కారణమే. కాని ధర ఏ చీజ్‌లో గెలిచిందో చూడాలి. త్వరగా తినేసే మెత్తని రకాలలో, ఎంజైముకు చేదు పుట్టించే వ్యవధి లేనిచోట, బూజు రెన్నెట్ హాయిగా నిలిచింది. ఏడాది మాగే రకాలలో తయారీదారులు దాన్ని నమ్మలేదు. చెస్ట్‌నట్ చెట్లను చంపే ఎండోథియా పారాసిటికా బూజు నుంచి ఫైజర్ తీసిన ఎంజైము మరీ కోతపిట్ట. దానికి ఎమ్మెంటాల్ వంటి చీజ్‌లో చోటు దొరికింది, ఎందుకంటే అక్కడ గడ్డను 50 డిగ్రీలకు మించి కాచడంతో ఆ ఎంజైము చచ్చిపోతుంది. తనంతట తాను ఆగని ఎంజైమును మంటతో ఆపారన్న మాట.

1980ల మొదట్లో దూడ జన్యువును సూక్ష్మజీవిలోకి ఎక్కించే పోటీ మొదలైంది. టోక్యోలో అరిమా తరువాతి తరానికి చెందిన తెరుహికో బెప్పు బృందం, అమెరికా, బ్రిటన్ల బృందాలు 1982 ప్రాంతంలో కొద్ది నెలల తేడాతో ప్రోకైమోసిన్ జన్యు నకలును ఈ. కోలై బాక్టీరియాలోకి చేర్చి చదివాయి. చదివిన వరుసను పోల్చి చూసుకోవడానికి వారందరి చేతిలో ఉన్న కొలబద్ద ఫోల్ట్‌మన్ 1977 నాటి వరుసే. బాక్టీరియా లోపల ప్రొటీను కరగని ముద్దలుగా పేరుకుంది. దాన్ని కరిగించి, సరైన రూపంలో మళ్లీ ముడిచి, ఆమ్లంతో మేల్కొలిపే పద్ధతి కుదిరాక ఫైజర్ దాన్ని ఉత్పత్తిగా మలిచింది. 1990 మార్చిలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ దానికి అనుమతి ఇచ్చింది. జన్యుమార్పిడి జీవి తయారుచేసిన ఎంజైము ఆహారంలోకి అధికారికంగా ప్రవేశించడం అక్కడ అదే మొదలు. ఆ వెంటనే క్లూవెరోమైసిస్ ఈస్టుతో గిస్ట్ బ్రొకేడ్స్, ఆస్పెర్జిల్లస్ బూజుతో జెనెన్‌కార్ అదే ఎంజైమును తెచ్చాయి. నేడు అమెరికా, బ్రిటన్లలో తయారయ్యే చీజ్‌లో అత్యధిక భాగం ఈ కిణ్వన కైమోసిన్‌తోనే గడ్డకడుతోంది.

జన్యుమార్పిడి మీద భయం ఉన్నవారు దీన్ని చాటుమాటుగా పళ్లెంలోకి వచ్చిన ప్రయోగంగా చూస్తారు. ఆ భయాన్ని కొట్టిపారేయడం తప్పు. ఆహారంలో ఏముందో తెలుసుకునే హక్కు తినేవారిది. అయితే ఇక్కడ తెలుసుకోవలసిన విషయాలు కూడా స్పష్టంగా ఉన్నాయి. మార్పు చేసిన జీవి చీజ్‌లోకి రాదు. ఎంజైము తీశాక కణాలను చంపి తొలగిస్తారు. ఎంజైము అమైనో ఆమ్లాల వరుస దూడలో ఉన్నదే. నిజానికి దూడ పొట్ట సారంలో కైమోసిన్‌తో పాటు పెప్సిన్, ఇతర కణజాల పదార్థాలు ఉంటాయి, సీసాకు సీసాకు పాళ్లు మారతాయి. శుద్ధిలో కొత్తదే ముందుంది. పార్మిజానో రెజ్జానో వంటి ప్రాంతీయ హక్కు గల చీజ్‌లు నేటికీ దూడ రెన్నెట్‌నే నియమంగా పాటిస్తాయి. అది సంప్రదాయపు ఎంపిక, గౌరవించదగినదే. దాన్ని భద్రతకు సాక్ష్యంగా చూపడం మాత్రం కుదరదు. శాకాహారుల ప్రశ్న వేరు. జన్యువు దూడదే అయినా ఏ దూడా చావనక్కర లేదు గనక చాలామంది దీన్ని శాకాహారంగానే ఒప్పుకున్నారు, ఒప్పుకోనివారికి బూజు రెన్నెట్ ఉంది. షెరిడన్ లీ ముందున్న సమస్యకు ఇలా రెండు జవాబులు దొరికాయి.

దూడ కైమోసిన్ దొరికాక వెతుకులాట ఆగి ఉండాలి. ఆగలేదు, అదే ఈ వాదానికి గట్టి ఆధారం. 2006లో కాప్పెలర్ బృందం ఒంటె కైమోసిన్‌ను ఆస్పెర్జిల్లస్ బూజులో తయారుచేసి ఆవుపాలమీద పరీక్షించింది. దాని వరుస దూడ కైమోసిన్‌తో 85 శాతం కలుస్తుంది. ఆవుపాలను గడ్డకట్టించే శక్తి దూడ ఎంజైము కన్న 70 శాతం ఎక్కువ, విచక్షణ లేని కోత దానిలో నాలుగో వంతు మాత్రమే. నిష్పత్తిలో చూస్తే ఏడు రెట్ల మెరుగు. ఆవుపాలకు ఆవు ఎంజైమే అతికినట్టు సరిపోతుందన్న సహజమైన ఊహ ఇక్కడ తప్పింది. కొరత అప్పటికే తీరింది, ధర దిగింది. అయినా పరిశ్రమ ఒంటె ఎంజైమును అందుకున్నది దిగుబడి, నిలవ కోసమే.

దీనికి ఎదురుగా నిలిచే బలమైన అభ్యంతరం రుచి వైపు నుంచి వస్తుంది. చీజ్ మాగడమంటే ప్రొటీను విరగడమే కదా, మరీ నిగ్రహం గల ఎంజైము చప్పటి చీజ్‌ను ఇవ్వదా? ఇది నిజమైన పరిమితి. గడ్డలో మిగిలిన కొద్దిపాటి రెన్నెట్ ఆల్ఫా కేసీన్‌ను నెమ్మదిగా తుంచడం వల్లే చెడ్డర్ మొదటి నెలల్లో మెత్తబడుతుంది. ఒంటె ఎంజైముతో చేసిన చీజ్‌లో ఆ మెత్తదనం ఆలస్యమవుతుంది. అందుచేత నిగ్రహం ఎంత ఎక్కువైతే అంత మేలనే సూత్రం చెల్లదు. మేలు ఏమిటంటే ఆ కోతను రెన్నెట్ చేతిలోంచి తీసి, ఎంచుకున్న బాక్టీరియా తోడుకూ విడిగా కలిపే ఎంజైములకూ అప్పగించగలగడం. గడ్డకట్టడం ఒక పని, మాగడం మరో పని అని విడదీయగలిగితే రెండింటినీ అదుపులో పెట్టవచ్చు.

ఈ విడదీత మన దేశానికి అందరికన్న ఎక్కువ అవసరం. పైన చెప్పిన పరిశోధన దాదాపు అంతా ఆవుపాల మీద జరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో పాలంటే చాలావరకు గేదెపాలే. గేదెపాలలో కాల్షియం, కేసీన్ ఎక్కువ. రెన్నెట్ పడితే త్వరగా, బిర్రుగా గడ్డకడుతుంది, కాని ఆ గడ్డతో చేసిన చెడ్డర్ గట్టిగా ఉండి చాలా నెమ్మదిగా మాగుతుంది. ఇక్కడ కోత తక్కువైన ఎంజైమును గుడ్డిగా తెస్తే మంచి కన్న చెడే జరగవచ్చు. గేదెపాలకు ఏ ఎంజైము, ఏ నిష్పత్తిలో, ఏ వేడి దగ్గర సరిపోతుందన్నది కోపెన్‌హేగన్, టోక్యో మన తరఫున తేల్చి పెట్టే విషయం కాదు. తిరుపతిలో, కామారెడ్డిలో పాడిసాంకేతిక కళాశాలలున్నాయి. కర్నాల్‌లో జాతీయ పాడి పరిశోధనా సంస్థ ఉంది. ఒకే ఎంజైము మీద ఇరవై ఏళ్లు నిలబడగల విద్యార్థికి ఆ సంస్థలు చోటు, నిధులు ఇవ్వాలి. ఆ విద్యార్థి గేదె కైమోసిన్‌తో మొదలుపెట్టవచ్చు.